దీపాల గది

పురుషోత్తం సార్‌ను ఏది అడిగినా సూటిగా జవాబు చెప్పరు. ఇది ఆయనకున్న చెడ్డ అలవాటు. పదేళ్ళు ఆయన దగ్గర పని నేర్చుకున్నవాణ్ణి, నాకు తెలుసు. ఒక సంస్థలో ఏ మనిషి ఏ పని చేస్తాడు, ఆ పనికి ఏ సమాచారం కావాలి, అది ఏ యంత్రంలోంచి వస్తుంది, ఇవన్నీ గడులుగా, గీతలుగా ఒక్క పటంలోకి ఎక్కించడం మా వృత్తి. దీన్నీ ఆర్కిటెక్చర్ అనే అంటారు. పేరు మాత్రం గొప్పదే.

ఆ రోజు, మా దగ్గర కొత్తగా పని నేర్చుకుంటున్న హిమబిందు ఓ ప్రసూతి ఆసుపత్రి పటం తెచ్చింది. ముచ్చటగా గీసింది. తల్లీబిడ్డా ఇంటికి వెళ్ళేటప్పుడు బిడ్డ చేతికున్న నంబరును వార్డులో నర్సు సరిచూస్తుంది, మళ్ళీ గేటు దగ్గర ఆయా సరిచూస్తుంది. రెండు గడులదీ ఒకటే పని కదా, ఆయా గడి తీసేయొచ్చా అని సార్‌ను అడిగింది. తీసేయడమే న్యాయమని నాకూ అనిపించింది. సార్ మాత్రం పెన్సిలు కింద పెట్టి ఎప్పుడో జరిగిన ఓ సంగతి ఎత్తుకున్నారు.

అప్పటికి సార్‌కు ముప్పై ఏళ్ళు. గోదావరి పక్కన ఓ బొగ్గు గనికి పటం గీసే పని దొరికింది. అక్కడ దీపాల గది ఒకటి ఉండేది. గనిలోకి దిగబోయే ప్రతి కార్మికుడూ తన నంబరున్న ఇత్తడి బిళ్ళ అక్కడ ఇచ్చి టోపీ దీపం తీసుకుంటాడు. పైకొచ్చాక దీపం ఇచ్చేసి బిళ్ళ తీసుకుంటాడు. ఇరవై రెండేళ్ళుగా ఆ గదిలో రాజలింగు అనే ఆయన కూర్చుంటున్నాడు. ఏం పని చేస్తావని సార్ అడిగితే, దీపాలిస్త, దీపాలు తీస్కుంట అన్నాడట. సార్ ‘దీపాల జారీ’ అని రాసి గడి గీశారు. గేటు దగ్గర హాజరు వేసే గుమాస్తా కూడా దిగినవాళ్ళనీ ఎక్కినవాళ్ళనీ రాసుకుంటూనే ఉన్నాడు. ఒకే పని రెండు చోట్ల ఎందుకని సార్ రెండు గడులనూ కలిపి ‘హాజరు’ అని ఒక్కటి చేశారు. దాంతో ఎవరి దీపం వాళ్ళే తీసుకునేలా అరలు వచ్చాయి. హాజరుకు వేలిముద్ర మిషన్ వచ్చింది. మొదటి షిఫ్ట్ ముగిసి బయటికొచ్చేటప్పుడు వరస పెరిగిపోతోందని, మూడున్నర కాగానే అందరూ బయటికొచ్చినట్టు దానంతటదే పడేలా పెట్టారు. జీతం లెక్కకు అంత తెలిస్తే చాలు మరి. రాజలింగును క్యాంటీన్‌కు మార్చి, సార్‌కు శాలువా కప్పారు.

ఏడు నెలల తర్వాత ఓ రోజు మొదటి షిఫ్ట్ ముగిసే వేళకు ఓదేలు అనే కార్మికుడు, మరిచిపోయిన టిఫిన్ డబ్బా కోసం గనిలో వెనక్కి నడిచాడు. పైకప్పు కూలి కాళ్ళ మీద పడింది. తోటివాళ్ళు అతను ముందే పైకి వెళ్ళిపోయాడనుకున్నారు. రెండో షిఫ్ట్ వాళ్ళకు ఆ రోజు అటువైపు పని లేదు. ఐదింటికి అతని భార్య మల్లవ్వ గేటు దగ్గరికొచ్చి, మనిషి ఇంకా ఇల్లు చేరలేదని చెప్పింది. గుమాస్తా మిషన్ చూసి, మూడున్నరకే బయటికొచ్చాడమ్మా, బజారుకు పోయుంటాడు అన్నాడు. అబద్ధమేం చెప్పలేదు పాపం, తెర మీద అలాగే ఉంది. ఆమె నమ్మింది. ఇంటికి పోయి అన్నం వండింది. ఆ సమయానికి మొదటి షిఫ్ట్ వాళ్ళ అరల్లో ఒక్క అర ఖాళీగా ఉంది. దాన్ని చూసి అరవాల్సిన మనిషి క్యాంటీన్‌లో చాయ్ పోస్తున్నాడు.

ఆరున్నరకు మల్లవ్వ మళ్ళీ వచ్చి, ఈసారి కదలనని గేటు ముందు కూర్చుంది. అప్పుడు దిగి వెతికారు. ఓదేలు టోపీ మీద దీపం ఇంకా వెలుగుతూనే ఉందట. ప్రాణం లేదు. ఒక్క గంట ముందు తెచ్చినా బతికేవాడని డాక్టరు అన్నాడు.

ఇక్కడికొచ్చేసరికి సార్ ఆగి కళ్ళు తుడుచుకున్నారు. పదేళ్ళలో ఆయన కంట నీళ్ళు చూడ్డం నాకదే మొదలు. ఏం చేయాలో తోచక నా చెప్పుల వైపు చూస్తూ కూర్చున్నాను.

ఓదేలు దినాలు అయ్యాక రాజలింగు సార్‌ను వెతుక్కుంటూ వచ్చాడట. తిట్టలేదు. పాత పటం తెరిపించి, తన గడి ఎక్కడుండేదో చూపించమన్నాడు. ‘దీపాల జారీ’ అన్న అక్షరాలు కూడబలుక్కుని చదివాడు.

“జారీ ఎవలైనా చేస్తరు సారూ. ఆఖరి బిళ్ళ పోయేదాంక నేను ఇంటికి పోకపోతుంటి. అది మీరు అడగలే, నేను చెప్పలే.”

అంతే అని వెళ్ళిపోయాడట. హిమబిందు తన పటం వైపు చూసింది. తర్వాత మెల్లగా, అయితే ఆయా గడి ఉంచేయమంటారా అని అడిగింది. నేనైతే ఉంచేయమనేవాణ్ణి. సార్ కళ్ళద్దాలు తుడుచుకుని, పటం మడిచి ఆమె చేతికే తిరిగిచ్చారు.

“ఆ ఆయా పేరేంటో కూడా నీకు తెలీదమ్మా. పోయి ఒక పూట ఆమె పక్కన కూర్చునిరా.”