ఏడు సముద్రాల అవతల పొలమారింది

ఊ కొడుతూ వింటానంటేనే చెబుతాను. మీ ఊ ఆగిందంటే నా కథా ఆగుతుంది, తర్వాత నన్ను బతిమాలి లాభం లేదు. సరేనా?

అనగనగా పైడికోన అని ఒక రాజ్యం. దాన్ని కీర్తికేతు మహారాజు ఏలేవాడు. ఆయన రాణి నాగులాంబ. వాళ్ళకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు జయకేతు, నడిపివాడు రత్నకేతు, చిన్నవాడు సోమకేతు. రాజుగారింట్లో వంటవాళ్ళకి కొదవా? అయినా మధ్యాహ్నం నగారా మోగగానే రాణిగారే పెద్ద ఇత్తడి పళ్ళెంలో అన్నం కలిపేది. రాజుగారితో సహా నలుగురూ చుట్టూ కూర్చుని చేతులు చాపేవారు. తలా ఒక ముద్ద, మళ్ళీ తలా ఒక ముద్ద. ఎవరికైనా పొలమారితే రాణి నెత్తిమీద తట్టి, "ఎవరో తలుచుకుంటున్నారు నాయనా" అనేది.

"అందరం ఇక్కడే ఉన్నాం కదమ్మా, ఇంకెవరు తలుచుకుంటారు?" అని సోమకేతు నవ్వేవాడు.

అయితే మీకు చెప్పని సంగతి ఒకటుంది. పెళ్ళయి చాలాకాలం దాకా ఆ రాజుకి పిల్లలు లేరు. అప్పుడు ధూమకేశుడనే మాంత్రికుడు వచ్చి మూడు మామిడిపళ్ళు చేతిలో పెట్టి, "ముగ్గురు కొడుకులు పుడతారు. చిన్నవాణ్ణి నాకు శిష్యుడిగా ఇవ్వాలి" అన్నాడు. బిడ్డల ఆశలో రాజు తల ఊపాడు. ఊపడానికేం, ఎవరైనా ఊపుతారు. తీరా సోమకేతు ఎదిగాక ఒక మధ్యాహ్నం మాంత్రికుడు గడపలో నిలబడేసరికి రాజు తల దించుకున్నాడు. రాణి మాత్రం పళ్ళెం కింద పెట్టకుండానే, "నా బిడ్డని ఇవ్వను" అనేసింది.

ధూమకేశుడు ఆ పళ్ళెం వంక చూశాడు. దాని చుట్టూ చాచి ఉన్న చేతుల వంక చూశాడు. అతని కళ్ళు ఎర్రబడ్డాయి.

"అంత ప్రేమా మీకు! రేపు పొద్దు పొడిచాక మీ ఐదుగురిలో ఏ ఇద్దరైనా బాణం వేటు దూరంలోకి వస్తే, ఆ ఇద్దరూ రాళ్ళయిపోతారు. ఇంకో మాట. మీలో ఒక్కరు మిగతావాళ్ళని తలుచుకోకుండా ఒక్క ముద్ద మింగినా, ఐదుగురూ రాళ్ళే! కంటికి కనపడనివాళ్ళని ఎన్నాళ్ళు తలుచుకుంటారో నేనూ చూస్తాను" అని పొగలో కలిసిపోయాడు.

ఏం చేస్తారు? రాజు కోటలో ఉండిపోయాడు. రాణి ఊరి బయట తోటలోని మేడకి వెళ్ళింది. పెద్దవాడు ఉత్తరపు కొండ మీదికి, నడిపివాడు దక్షిణపు కొండ మీదికి, సోమకేతు ఏటి అవతలికి వెళ్ళారు. అయినా నగారా మోగడం ఆగలేదు. రాణి అన్నం కలపడమూ ఆగలేదు. ఆమె కలిపిన ముద్దలు దొప్పల్లో పెట్టుకుని సేవకులు నాలుగు వైపులా గుర్రాల మీద పరిగెత్తేవారు. తర్వాత ఆమె మేడ మీదికెక్కి కడిగిన ఇత్తడి పళ్ళేన్ని ఎండకి అటూ ఇటూ తిప్పేది. ఆ తళుకు చూసి, "అమ్మ తినేసింది" అనుకుని వాళ్ళు చెయ్యి కడుక్కునేవారు.

ఇలా ఎన్నాళ్ళని? ఆ మాంత్రికుణ్ణి వెతికి శాపం వదిలిస్తానని పెద్దవాడు బయల్దేరాడు. అడవి దాటలేక తిరిగొచ్చాడు. నడిపివాడు బయల్దేరాడు. అడవి దాటాడు గాని సముద్రాన్ని చూసి ఉసూరుమంటూ తిరిగొచ్చాడు. అప్పుడు సోమకేతు బయల్దేరాడు. ఏటి అవతలి గట్టున నిలబడి వెనక్కి చూస్తే, మేడ మీద పళ్ళెం తళుక్కుమంది. ఒకసారి, రెండోసారి, మూడోసారి. కొడుకుని దగ్గరికి తీసుకునే వీల్లేని తల్లి ఇంకేం చేయగలదు? సోమకేతు కళ్ళు తుడుచుకుని నడక మొదలుపెట్టాడు.

అడవి దాటాడు, సముద్రం చేరాడు. ఒడ్డున ఒక పాక. పాక ముందు ముత్యాలు అనే పిల్ల వల సర్దుతోంది. వలలో పెద్ద తాబేలొకటి చిక్కుకుని గింజుకుంటోంది. సోమకేతు జాలిపడి కత్తి దూశాడు.

"ఆగండాగండి! వల కోసేస్తారా? నేను అల్లడానికి ఎంత కాలం పట్టిందో తెలుసా? కూర్చుని ఒక్కో ముడీ విప్పండి" అంది ముత్యాలు.

రాకుమారుడు బుద్ధిగా కూర్చుని ముళ్ళు విప్పాడు. బయటపడ్డ తాబేలు, "బాబూ, నీ మేలు మరిచిపోను. ఏం కావాలో అడుగు" అంది. అతను తన కథంతా చెప్పాడు.

"ధూమకేశుడా! వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల దీవిలో, పంజరంలో ఉన్న చిలకలో ఉంది. దాని మెడ నులిమితే వాడూ పోతాడు, వాడి శాపమూ పోతుంది. నా వీపెక్కు, తీసుకెళతాను" అంది తాబేలు.

"ఖాళీ కడుపుతో ఎక్కడికి నాయనా?" అంటూ పాకలోంచి ముత్యాలు నాయనమ్మ పేరమ్మ వచ్చింది. జుట్టంతా తెల్లగా నెరిసిపోయిన అవ్వ. అన్నం, చేపల పులుసు వడ్డించింది. తాను తినేముందు మొదటి ముద్ద చేతిలో పట్టుకుని, "మా చిట్టెయ్య తిన్నాడో లేదో" అంది.

"చిట్టెయ్య ఎవరవ్వా?"

"నా తమ్ముడు నాయనా. ఏడేళ్ళప్పుడు ఎవడో మాయలవాడు పండు చూపించి ఓడెక్కించుకుపోయాడు. నేను ముసలిదాన్నయిపోయాను గాని నా కంటికి వాడింకా ఏడేళ్ళవాడే. వాణ్ణి తలుచుకోకుండా ఏ మధ్యాహ్నమూ ముద్ద నోట పెట్టలేదు."

సోమకేతు అమ్మనీ నాన్ననీ అన్నల్నీ తలుచుకుని తృప్తిగా తిన్నాడు. అవ్వకి దండం పెట్టాడు. తాబేలు వీపెక్కి వెనక్కి చూస్తే, ముత్యాలు వల పక్కన పెట్టి అటే చూస్తోంది.

ఊ ఏదీ? ఆఁ, అలా కొట్టాలి.

మూడో సముద్రంలో ఒక దీవి. అక్కడ విస్తళ్ళ నిండా బూరెలు, అరిసెలు, వడ్డించేవాళ్ళు మాత్రం లేరు. అవి తిన్నవాడికి ఇల్లు గుర్తుండదు. ఆ సంగతి తెలియక సోమకేతు తనవాళ్ళని తలుచుకునే ఒక బూరె నోట్లో పెట్టుకున్నాడు. నమలగానే అమ్మ ముఖం మసకబారింది. మింగబోయేంతలో పొలమారింది! బూరె కాస్తా బయటపడింది. తాబేలు ముందుకాలు చాపి అతని నెత్తిమీద తట్టింది. సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు.

"మా అమ్మే! నగారా మోగి ఉంటుంది" అన్నాడు సోమకేతు దగ్గుతూనే.

ఐదో సముద్రంలో ఇంకో దీవి, అక్కడ ఇసకలో నీళ్ళూరే ఒక చలమ. దాని నీళ్ళు తాగినవాడికి తోడబుట్టినవాళ్ళు గుర్తుండరు. అతను దోసిలి పట్టి తాగబోతే మళ్ళీ పొలమారింది. దోసిట్లో నీళ్ళన్నీ కారిపోయాయి. "ఇది మా అన్నలు. నా వాటా గారెలు ఎవరు తినాలని ఇద్దరూ సేవకుల చేత కబుర్లు పంపుకుంటూ పోట్లాడుకుంటున్నారు కాబోలు" అని నవ్వాడు. తనూ వాళ్ళతో కూర్చున్నంత హాయిగా ఉంది అతనికి.

ఏడో సముద్రంలో ఏ మాయా లేదు. ఉన్నదల్లా ఆకలే. మాయ కన్నా అదే పెద్ద గండం. పస్తులుండీ ఉండీ కళ్ళు తిరుగుతున్న వేళ తాబేలు ఎక్కడినుంచో ఒక కొబ్బరిబొండం దొర్లించుకొచ్చింది. సోమకేతు దాన్ని పగలగొట్టి, ఎవర్నీ తలుచుకోకుండానే కొబ్బరి ముక్క నోట్లో వేసుకున్నాడు. గుటక పడబోయేంతలో, పొలమారింది!

అతని గుండె ఝల్లుమంది. ఆ ఒక్క గుటకా పడి ఉంటే ఐదుగురూ రాళ్ళయ్యేవారు. అమ్మనీ నాన్ననీ అన్నల్నీ పేరుపేరునా తలుచుకుని అప్పుడు తిన్నాడు. తిన్నాక అనుమానం వచ్చింది. "తాబేలు మామా, సందెవేళ అయింది. ఈ వేళకి మావాళ్ళెవరూ అన్నానికి కూర్చోరే! నన్నెవరు తలుచుకున్నారు?"

"నాకేం తెలుసు, నీళ్ళలో ఈదుకునేదాన్ని" అని తాబేలు తనలో తాను నవ్వుకుంది.

ఆఖరికి దీవి వచ్చింది. జామచెట్టు కొమ్మకి బంగారు పంజరం, అందులో రంగు వెలిసిన ముసలి చిలక. సోమకేతు పంజరంలో చెయ్యి పెట్టి దాని మెడ పట్టుకున్నాడు.

"నులుముతావా? నులుము. ఎలాగూ నాకు రోగమే" అంది చిలక. "ఊహ తెలిసినప్పటి నుంచీ ఇంతే. రోజూ మధ్యాహ్నం జామపండు కొరకగానే గొంతుకి అడ్డం పడుతుంది. దగ్గు వస్తుంది. దగ్గినప్పుడల్లా ఎందుకో 'అక్కా' అనాలనిపిస్తుంది."

సోమకేతు చెయ్యి సడలింది. "అది రోగం కాదే పిచ్చి చిలకా, పొలమారడం! ధూమకేశుడి అసలు పేరేమిటి?"

"చిట్టెయ్య."

ఆ మాట అందో లేదో పొగ కమ్ముకుంది. తన ప్రాణం మీద ఎవరి చెయ్యో పడిందని తెలిసి ధూమకేశుడు ఊడిపడ్డాడు. "వదులు! నీకేం కావాలన్నా ఇస్తాను, వదులు!"

"మా ఇంటి మీద నీకెందుకంత కక్ష? అది చెప్పు ముందు" అన్నాడు సోమకేతు.

మాంత్రికుడు చిలక వంక చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "నాకు ఏడేళ్ళప్పుడు మా గురువు నన్ను ఎత్తుకొచ్చాడు. పారిపోకుండా ఆ రోజే నా ప్రాణం తీసి ఈ చిలకలో పెట్టాడు. పొలమారితే ఎవరో తలుచుకున్నట్టని మా అక్క చెప్పేది. అందుకని ప్రతి ముద్దకీ ఎదురుచూశాను. ఒక్కసారి కూడా పొలమారలేదు. దూరమైతే అందరూ మరిచిపోతారని అప్పుడు తెలిసింది. మీ పళ్ళెం చుట్టూ ఆ చేతులు చూసి ఓర్వలేకపోయాను."

"నీకెలా పొలమారుతుంది? నీ ప్రాణం నీ దగ్గర ఉంటే కదా! నీకు రావలసిన పొలమార్లన్నీ ఈ చిలకకి వచ్చాయి. పందెం వేస్తాను. నీ ప్రాణం నువ్వు తీసుకో. ఈ మధ్యాహ్నం నీకు పొలమారకపోతే, నువ్వు కోరినట్టే నీ వెంట శిష్యుడిగా వస్తాను. పొలమారిందా, మా శాపం తీసెయ్యాలి."

ధూమకేశుడు పంజరంలోంచి చిలకని ఎత్తుకుని దాని ముక్కు తన పెదాలకి ఆనించుకున్నాడు. ప్రాణం ఇటు వచ్చింది. చిలక తేలిగ్గా ఎగిరి కొమ్మ మీద వాలింది. ఇద్దరూ జామచెట్టు కింద కూర్చుని సూర్యుడి వంక చూస్తూ ఉండిపోయారు.

మధ్యాహ్నమైంది. మాంత్రికుడు జామపండు కొరికాడు. ఏమీ కాలేదు. రెండోసారి కొరికాడు. ఏమీ కాలేదు. సోమకేతుకి చెమటలు పట్టాయి. అవ్వకి ఒంట్లో బాగాలేదేమో! అన్నం తినలేదేమో! ఇక అమ్మ పళ్ళెం తళుకు మళ్ళీ చూస్తానా అనుకున్నాడు. మూడోసారి కొరికాడు మాంత్రికుడు.

పొలమారింది! అలా ఇలా కాదు, కళ్ళ వెంట నీళ్ళు కారేలా పొలమారింది. సోమకేతు గబగబా నెత్తిమీద తట్టి, "మీ అక్కే! పేరమ్మవ్వ! నిన్ను తలుచుకోకుండా ఒక్క మధ్యాహ్నం కూడా తినలేదు" అన్నాడు. అంతటి మాంత్రికుడూ అక్కడే కూలబడి, "అక్కా" అంటూ చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఏడుస్తూనే, "మీ శాపం పోయింది, పో నాయనా" అన్నాడు.

"పోవడమేమిటి, నువ్వూ రా" అన్నాడు సోమకేతు.

తాబేలు గొణుక్కుంటూనే ఇద్దర్నీ మోసింది. ఒడ్డున పాక ముందు పేరమ్మ అన్నం కలుపుతోంది. జుట్టు నెరిసిన తమ్ముణ్ణి చూడగానే పోల్చుకుంది. చేతిలో ముద్ద చేతిలోనే ఉంది.

"ఇంత ఆలస్యమా చిట్టెయ్యా? అన్నం చల్లారిపోదూ!" అని ఆ ముద్ద తమ్ముడి నోట్లో పెట్టి, అప్పుడు ఏడ్చింది.

సోమకేతు ముత్యాల దగ్గరికి వెళ్ళి, "నాకొక సందెవేళ పొలమారింది. ఎవరై ఉంటారు?" అన్నాడు.

"నాకేం తెలుసండీ! సందేళ వల అల్లుకుంటుంటే ఎవరెవరో గుర్తొస్తారు" అని తల వంచుకుంది ఆ పిల్ల.

అందరూ కలిసి పైడికోన చేరారు. ఏటి గట్టున సోమకేతు ఆగాడు. మేడ మీద పళ్ళెం తళుక్కుమంది. అతను ఒక అడుగు వేశాడు, ఇంకో అడుగు వేశాడు, బాణం వేటు దూరంలోకి అడుగుపెట్టాడు. రాయి కాలేదు. పళ్ళెం చేతిలో ఉండగానే రాణి మెట్లు దిగి పరిగెత్తుకొచ్చింది. కోటలోంచి రాజు, కొండల మీంచి అన్నలు కూడా పరిగెత్తుకొచ్చారు. ఆ రోజు పళ్ళెం చుట్టూ చేతులు ఎక్కువయ్యాయి. రాణి మాంత్రికుడి చేతిలోనూ ముద్ద పెట్టింది. అతను తలెత్తలేకపోయాడు. ఆమె మాత్రం ఏమీ అనలేదు, ఇంకో ముద్ద పెట్టింది.

మంచి ముహూర్తం చూసి సోమకేతుకీ ముత్యాలకీ పెళ్ళి చేశారు. అన్నలు పైడికోననీ, సోమకేతు సముద్రపు ఒడ్డునీ చల్లగా ఏలారు. దూరాలు దూరాలే అయినా మధ్యాహ్నం నగారా రెండుచోట్లా ఒకే వేళకి మోగేది. చిట్టెయ్య మంత్రాలన్నీ మరిచిపోయి అక్క పాకలో ఉండి చేపలు పట్టుకుంటూ హాయిగా కాలం గడిపాడు. పొలమారినప్పుడల్లా ఊరంతా వినేలా దగ్గి, "చూశారా, నన్ను తలుచుకుంటున్నారు!" అని మురిసిపోయేవాడట.

కథ అన్నానికి వెళ్ళింది. మనమూ లేద్దాం, పీటలు వెయ్యండి. మొదటి ముద్ద చేతిలోకి తీసుకున్నాక ఒక్క క్షణం ఆగండి. ఎక్కడో ఎవరో మీరు పంపే పొలమారు కోసం ఎదురుచూస్తూ ఉంటారు.