నాకూ అదే

జిలాని బట్టలు సంచిలో సర్దుకుంటున్నాడు. అతను ఆదోనిలో హకీం సత్తార్ సాహెబ్ దగ్గర వైద్యం నేర్చుకుంటున్నాడు. మొన్ననే ఉస్తాద్ మొదటిసారి రోగులను అతనికి అప్పగించాడు. ఈ పొద్దున వాళ్లలో ఒకామె కడుపు పట్టుకుని, నడుం వంగిపోయి తిరిగొచ్చింది.

మొన్న దవాఖానా బల్ల మీద ఇద్దరు పక్కపక్కన కూర్చున్నారు. మొదటివాడు ఓబులేసు, బస్సు కండక్టరు. కడుపులో మెలిపెట్టే నొప్పి, విరేచనమైతే కాస్త నెమ్మది. పెద్దాసుపత్రిలో పరీక్షలన్నీ చేసి, పేగులో పుండూ గిండూ ఏమీ లేదు, పేగు కదలికలోనే తేడా, దాన్ని ఐబీఎస్ అంటారని చెప్పారట. నీళ్లలా పోతోందని, సగం దారిలో బస్సు ఆపించాల్సి వస్తోందని గట్టిగానే చెప్పాడు. జిలాని విరేచనాలు కట్టే మారేడు పొడి పొట్లం కట్టిచ్చాడు.

రెండో మనిషి లాలెమ్మ. జాకెట్లు కుడుతుంది. "నీకేమ్మా?" అంటే తల వంచుకుంది.

"నాకూ అదే సార్. ఆసుపత్రిలో అదే పేరు చెప్పినారు."

జిలాని ఇంకో పొట్లం కట్టాడు.

లాలెమ్మది మలబద్ధకం. ఆ పొడితో ఉన్నది కాస్తా బిగుసుకుపోయింది. ఉస్తాద్ ఆమె కడుపు నొక్కి చూసి, భయం లేదని, వేడినీళ్లు తాగించి లోపలి గదిలో పడుకోబెట్టాడు. శిష్యుణ్ని ఒక్క మాట అనలేదు.

"నాకు హస్తవాసి లేదు ఉస్తాద్," అన్నాడు జిలాని. "పోయి మా అన్న చెప్పుల షాపులో కూర్చుంటాను."

"కూర్చుందువులే. టీ తాగి పో."

ఎదురుగానే టీకొట్టు. "పాలు వద్దు కాశీం, చక్కెర వద్దు. అల్లం వేసి ఉత్త డికాషన్ ఇయ్యి," అన్నాడు ఉస్తాద్.

కాశీం జిలాని వైపు చూశాడు.

"నాకూ అదే."

జిలాని మామూలుగా గ్లాసు అడుగున చక్కెర మిగిలేలా తాగే మనిషి. ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు.

"బాగుందా?"

"లేదు ఉస్తాద్."

"చక్కెర కావాలని చెప్పలేకపోయినావా?"

"మీరు పక్కనుండగా ఎట్ల చెప్పేది?"

ఉస్తాద్ తన గ్లాసు ఖాళీ చేసి బల్ల మీద పెట్టాడు.

"ఆమె పక్కన కండక్టర్ ఉన్నాడు," అన్నాడు.

జిలాని తిరిగి దవాఖానాలోకి వెళ్లాడు. సంచి కొక్కేనికి తగిలించాడు. లోపలి గదిలో లాలెమ్మ లేచి కూర్చుని ఉంది. నొప్పి తగ్గినట్టుంది. బయట బల్ల మీదివాళ్లకు వినపడకుండా తలుపు దగ్గరగా వేసి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"మొన్న నేను అడగలేదమ్మా. అదే అంటే ఏంది?"

ఆమె తలుపు మూసి ఉందో లేదో చూసుకుంది. తర్వాత మెల్లగా మొదలుపెట్టింది. మిషను ముందు కూర్చుంటే కడుపు రాయిలా ఉంటుందని, ఎప్పుడో గాని రాదని, వచ్చినా మేకపెంటికల్లా రాలుతుందని.  అంతా విన్నాక జిలాని, విరేచనం సాఫీగా అయ్యే ఇసబ్గోల్ పొట్లం కట్టి, నిండా నీళ్లతో ఎట్లా తాగాలో చెప్పాడు.

పొట్లం అందుకుంటూ ఆమె నవ్వింది. "మా చెల్లెలిక్కూడా అదే సార్. ఇంకొకటి కట్టియ్యండి."

జిలాని చెయ్యి డబ్బా మీద ఆగింది.

"అదే అంటే?"

"అదే సార్. కొన్నాళ్లు నా మాదిరి. కొన్నాళ్లు ఆ కండక్టర్ మాదిరి..."

లాలెమ్మ ఆగింది. చేతిలోని పొట్లం వంక చూసుకుంది.

"దాన్నే పిలుచుకొస్తాలే సార్," అంది.