గుడ్డ చుట్టిన కోలలు

అనగనగా అంటే మరీ పాతకాలం కాదులే చంటీ. ఒక ఊళ్ళో, సాయంత్రం ఆరుంపావుకి, నాంచారమ్మ వాకిట్లో చాప పరుచుకుని కోలాటం కోలలకి నూనె రాస్తోంది. ఏటా శ్రీరామనవమికి ఆడపిల్లలకి కోలాటం నేర్పేది ఆవిడే. తాళాలు వాయించేదీ, పాట పాడేదీ కూడా ఆవిడే.

అప్పుడు వరహాలు వచ్చి నిలబడింది. నీకన్నా కాస్త పెద్దది. పుట్టుకతోనే చెవులు వినబడవు, మాట రాదు. చేతిలో ఉన్న రెండు కందికట్టెలు ఒకదానితో ఒకటి తాటించి చూపించింది. నన్నూ చేర్చుకోమని అడగడం అది.

"పాటే వినబడనిది ఆటేం ఆడుతుందత్తా? నా వేళ్ళు పచ్చడి చేస్తుంది," అంది లచ్చి. అందరిలోకీ బాగా ఆడే పిల్ల అది.

"పోనీలేవే పాపం. నీ పక్కన నిలబెట్టుకో," అంది నాంచారమ్మ.

మొదటి రోజు వరహాలు లచ్చి కాళ్ళే చూస్తూ ఆడింది. కోలకి కోల తగిలినప్పుడల్లా ఆ అదురు అరచేతిలోకి పాకేది. దాన్ని పట్టుకునే అడుగు వేసేది. రెండు మూడు చోట్ల మాత్రం తొందరపడి ముందే కొట్టేసింది. టక్కుమని ఒంటరి చప్పుడు. పిల్లలంతా పకపకా నవ్వారు. ఎందుకు నవ్వుతున్నారో తెలియక వరహాలు కూడా నవ్వింది.

నాంచారమ్మకి తల కొట్టేసినట్టయింది. ఎల్లుండి నవమి పందిట్లో, ఊరందరి ముందూ ఇలా అయితే? పిల్లని వెళ్ళిపొమ్మనడానికి నోరు రాలేదు. ఆ తర్వాత ఏం చేసిందో తెలుసా? పాత చీర చింపి వరహాలు కోలలకి మందంగా చుట్టేసింది. తప్పు కొట్టినా ఎవరికీ వినబడదని.

వరహాలు ఆ గుడ్డను నిమిరి చూసుకుంది. ఆవిడ వంక చూసి మెల్లగా తలూపింది.

రెండో రోజు దాని ఆట చెడింది. కోల తగిలిందో లేదో చేతికి తెలిస్తేగా! అందరూ తిరిగాక తిరిగేది, అందరూ ఆగాక కొట్టేది.

"చూశావా, నే చెప్పలా?" అంది లచ్చి.

"దాని చెవులు అలాంటివి. మనమేం చేస్తాం," అంది నాంచారమ్మ. గుడ్డ సంగతి ఆవిడకి తట్టనే లేదు.

మూడో రోజు నవమి. నాంచారమ్మ వరహాల్ని జనానికి కనబడకుండా వెనక వైపు నిలబెట్టింది. కోలాటం గుండ్రంగా తిరుగుతుంది కదూ? ఇన్నేళ్ళు నేర్పిన మనిషికి ఆ మాటే గుర్తుకు రాలేదు. పాట సగానికి వచ్చేసరికి వరహాలు తిరిగి తిరిగి సరిగ్గా జనం ముందుకే వచ్చింది.

అప్పుడు కుడిచేతి కోల ముడి ఊడింది. గుడ్డ జారి కింద పడింది.

టక్. అందరితో పాటే పడింది ఆ దెబ్బ. వరహాలు ఒక్క క్షణం తన చేతిని తనే చూసుకుంది. మళ్ళీ టక్. ఆ తర్వాత ఒక్కటీ తప్పలేదు.

తప్పింది నాంచారమ్మ పాట. చరణం మధ్యలో గొంతు ఆగిపోతే, లచ్చి అందుకుని పాడింది.

ఆట అయ్యాక వరహాలు ఆ గుడ్డ ఏరుకుని, దులిపి, మడిచి, బొడ్లో దోపుకుంది. నాంచారమ్మ మొహం తిప్పుకుంది.

"వినబడని పిల్లకి నేర్పావు! ఎంత ఓపికమ్మా నీది!" అని పందిట్లో వాళ్ళు పానకం గ్లాసు చేతికిచ్చారు. ఆవిడ కాదనలేకపోయింది. పానకం మాత్రం తాగకుండా లచ్చి చేతిలో పెట్టింది.

కొన్నాళ్ళకి నాంచారమ్మ కొత్త కోలల జత పట్టుకుని వరహాలు వాళ్ళింటికి వెళ్ళింది. గుడ్డ ఎందుకు చుట్టిందో వాళ్ళమ్మకి చెప్పేద్దామనే వెళ్ళింది. నోరు తెరిచేలోపే ఆ తల్లి పీట వేసింది.

"రండి వదినా. మీరు కట్టిన గుడ్డ ఉతికి, తలగడ కింద దాచుకుంది మా పిల్ల. రోజూ అరచెయ్యి చూపించి, ఉఫ్ అని ఊదుకుని, మీ ఇంటి వైపు చూపించేది. చేతులు నొప్పెడతాయని తనొక్కదానికే కట్టారట."

కథ పోయె కంచికి, కునుకు రావాలి చంటికి.