కనుమ మలుపులో తడిగుడ్డ

అనగా అనగా, నలభై ఊళ్ళకు కలిపి ఒక్కటే కారున్న కాలంలో, జట్కా తోలే సాయిబు ఒకాయన ఉండేవాడు. పేరు బుడేసాబు. గుర్రం చచ్చిపోయాక ఆయన కాలు ఒకచోట నిలిచేది కాదు. కూర్చుంటే లేచేవాడు. లేస్తే నడిచేవాడు. నడిచి నడిచి మళ్ళీ ఆ ఖాళీ కొట్టం దగ్గరికే వచ్చేవాడు.

చూసి చూసి, రైసుమిల్లు కోటిలింగం ఆయన్ని తన కారు తుడవడానికి పెట్టుకున్నాడు. గుర్రానికి మాలిష్ చేసినట్టే కారును తుడిచేవాడు బుడేసాబు. బానెట్టు మీద చెయ్యేసేవాడు, చెవి ఆనించేవాడు, వాసన చూసేవాడు. మెకానిక్కు వచ్చినప్పుడల్లా పక్కనే నిలబడి ప్రతి పనీ చూసేవాడు.

"సాయిబూ, కాస్త గడ్డి కూడా వెయ్యరాదూ?" అని నవ్వేవాడు డ్రైవరు వీరాసామి.

ఒక ఎండాకాలం మిట్టమధ్యాహ్నం, గడ్డివాము దగ్గర కోటిలింగం కోడలు తిరపతమ్మను పాము కరిచింది. ఆస్పత్రి కనుమకు అవతల, పన్నెండు మైళ్ళు. మామ ఆమెను ఎత్తుకొచ్చి వెనక సీట్లో పడుకోబెట్టాడు. వీరాసామి తాళం తిప్పాడు. టక్కుమంది. మళ్ళీ తిప్పాడు. టక్కు.

"తోద్దాం పట్టండి!" అని అరిచాడు వీరాసామి.

"ఆగు. నొప్పెక్కడో కనుక్కో, తర్వాత చెయ్యి పెట్టు," అన్నాడు బుడేసాబు. "లైట్లేసి తిప్పు."

తిప్పితే వెలుగుతున్న లైట్లు ఆరిపోయాయి.

"లైట్లు వెలిగాయంటే బ్యాటరీకి ప్రాణముంది. కరెంటు పోయే దారి మూసుకుపోయింది."

బానెట్టు ఎత్తారు. బ్యాటరీ కొసల మీద తెల్లగా పొక్కు కట్టి ఉంది. పొయ్యి మీది వేణ్ణీళ్ళు పోసి, మేకుతో గీకి, తీగ బిగించాడు బుడేసాబు. కారు లేచింది.

"నువ్వూ ఎక్కు, సాయిబూ!" అన్నాడు కోటిలింగం.

కనుమ ఎక్కుతుంటే మూడో మలుపులో కారు దగ్గింది, తుమ్మింది, ఆగిపోయింది. వీరాసామి తాళం తిప్పుతూనే ఉన్నాడు. బుడేసాబు దిగి బానెట్టు ఎత్తాడు. ఇంజను పక్కనున్న పెట్రోలు పంపు మీద వేలు పెట్టి, చురుక్కుమంటే తీశాడు.

"నొప్పిక్కడ. పెట్రోలు ఎండకి ఉడికి ఆవిరైపోతోంది, ఇంజనుకు అందట్లేదు."

తలగుడ్డ విప్పి, తాగే నీళ్ళలో తడిపి, పంపుకు చుట్టాడు.

"ఎంతసేపు?" అన్నాడు కోటిలింగం.

"ఈ గుడ్డ మూడుసార్లు తడిపి, మూడుసార్లు ఆరేదాకా."

గుడ్డ ఒకసారి ఆరింది. "పిల్ల కళ్ళు వాలిపోతున్నాయిరా!" అని అరిచాడు కోటిలింగం. గుడ్డ రెండోసారి ఆరింది. వీరాసామి చెయ్యి తాళం మీదికి పోయింది. బుడేసాబు కాళ్ళు రోడ్డు మీద నిలవడం లేదు. అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు. తను చెప్పింది తప్పయితే? అయినా వచ్చి వీరాసామి మణికట్టు పట్టుకున్నాడు.

"నా గుర్రం కూడా ఈ ఎక్కుడులోనే రొప్పింది, వీరాసామీ. చల్లారనివ్వలేదు నేను. కొరడా తీశాను."

ఆ మాట ఆయన అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. వీరాసామి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మూడోసారీ గుడ్డ ఆరింది. తాళం తిప్పితే కారు లేచింది.

దిగుడులో స్టీరింగు ముందు ఎర్రలైటు వెలిగింది, ఇంజను పొగలు కక్కింది. ఈసారి వీరాసామే ముందు దిగాడు.

"నొప్పెక్కడ, తాతా?"

ఫ్యాను బెల్టు తెగింది. ఆ తలగుడ్డనే తాడులా పేని, బెల్టున్న చోట బిగించాడు బుడేసాబు. ఆస్పత్రి గుమ్మం దాకా ఆ గుడ్డ తెగకుండా ఆగింది. తిరపతమ్మ బతికింది. పిల్లల్ని కంది, ఆ పిల్లల పిల్లల్నీ ఎత్తుకుంది.

బుడేసాబు మాత్రం ఆ యేటి వానలు చూడలేదు. నడుస్తూ నడుస్తూ కనుమ కిందే పడిపోయాడు.

ఆయన పోయిన నలభయ్యో రోజున వీరాసామి మూడో మలుపులో ఒక కుండ నిండా నీళ్ళు పెట్టాడు. పక్కన గుడ్డ మడిచి పెట్టాడు. కుండలు పగిలాయి, కొత్తవి వచ్చాయి. గుడ్డలు చిరిగాయి, కొత్తవి వచ్చాయి. ఇప్పటి కార్లకు ఆ తడిగుడ్డతో పని లేదు. అయినా ఆ దారిన పోయేవాళ్ళు అక్కడ ఆగుతారు, ఇంజను ఆపుతారు. గుడ్డ తడిపి, పిండి, రాయి మీద ఆరేసి, అది ఆరేదాకా కూర్చుంటారు. ఎంత తొందరున్నవాళ్ళయినా సరే.