ఖాళీ అన్న తుపాకీ

నరహరాచారి గారి చేతికి ఏ తుపాకీ వచ్చినా ముందు దాన్ని నడుం దగ్గర వంచి తెరిచి, తూటా లేదని తేల్చుకోవడానికి గొట్టాలను కిటికీకేసి ఎత్తి, వాటిలోంచి వెలుతురు చూసేవారు. బయటివాళ్ళు తెచ్చినదంటే సరే. నేను అప్పుడే తుడిచి, రెండడుగుల దూరం నుంచి అందించినదాన్నీ అలాగే చూసేవారు. ఆయన నాకిచ్చినప్పుడు నేనూ చూడాలి. నిర్మల్‌లో ఆయన మరమ్మతు దుకాణంలో నేను నేర్చుకున్న మొదటి పని అదే. అంతకుముందు కుట్టుమిషన్లు విప్పి బిగించి నా అంతట నేనే నేర్చుకున్నదాన్ని. సగం తెలిసినవాళ్ళకుండే పొగరు నాకు నిండుగానే ఉండేది.

ఒకరోజు పొద్దున్నే ఉండబట్టలేక అడిగేశాను.

"గురువుగారూ, మీరు చూసి ఇచ్చినదాన్ని నేను మళ్ళీ వంచి చూస్తే మిమ్మల్ని నమ్మనట్టే కదా? శిష్యురాలు చెయ్యాల్సిన పనేనా అది?"

ఆయన స్ప్రింగుకు నూనె రాస్తూ, "పని జూడు బిడ్డా" అన్నారు. అంతే.

పని నిజంగానే గుట్టలా ఉంది. ఎన్నికలప్పుడు ఠాణాలో అప్పగించిన లైసెన్సు తుపాకులన్నీ ఆ వారమే యజమానుల చేతికి తిరిగొచ్చాయి. నెలల తరబడి కదలక తుప్పెక్కినవన్నీ మా గుమ్మం ముందు వరస కట్టాయి. మధ్యాహ్నం లచ్చన్న అనే రైతు వచ్చాడు. అడవి అంచున మక్కజొన్న చేను ఉంది అతనికి. పందుల బాధకు జోడుగొట్టాల తుపాకీ పెట్టుకున్నాడు. గురువుగారు దాన్ని అందుకుని, వంచి, వెలుతురు చూసి, బల్ల మీద పెట్టారు. అంతలో వీధిలోంచి ఎవరో పిలిస్తే గుమ్మం దాకా వెళ్ళి, చాయ్ గ్లాసుతో తిరిగొచ్చారు. నేను ఆకురాయి పట్టుకుని నా పనిలో ఉన్నాను.

"ఎడమ దిక్కు ట్రిగ్గర్ గట్టిగైంది చారిగారూ" అన్నాడు లచ్చన్న.

గురువుగారు తుపాకీ తీసి నాకందించారు. "ఖాళీదే. ఇప్పుడే చూసిన. ఒక్కపారి నొక్కి చూడు" అని ఎదురుగా పీట మీద కూర్చున్నారు.

నిజం రాయాలి. నేను వంచి చూడదలుచుకోలేదు. పొద్దున అడిగిన ప్రశ్న ఇంకా గొంతులోనే ఉంది. ఆయన మాట మీద గౌరవంతో వదిలేద్దామనే అనుకున్నాను. బొటనవేలు మాత్రం అలవాటు కొద్దీ తుపాకీని తెరిచే పైమీట మీదికి పోయింది. లచ్చన్న అది చూసి నవ్వాడు.

"చారిగారు చూసినంక మళ్ల నువ్వేం జూస్తవ్ బిడ్డా? ఆయన కండ్ల కన్న నీ కండ్లు పెద్దయా?"

ఒళ్ళు మండింది. ఆ మంటతోనే మీట నెట్టి తుపాకీని వంచాను. అది శ్రద్ధ కాదు, ఉత్త ఉక్రోషం.

కుడి గొట్టంలో వెలుతురు ఉంది. ఎడమ గొట్టంలో లేదు. అక్కడ గుండ్రంగా, పచ్చగా, తూటా ఇత్తడి అడుగు మెరుస్తోంది.

గొట్టాల మొన అంతవరకూ ఎటు ఉందో అప్పుడు చూసుకున్నాను. సూటిగా గురువుగారి చాయ్ గ్లాసు మీదికి.

లచ్చన్న తన జేబులు తడుముకున్నాడు. ఒకే తూటా దొరికింది.

"మీరు గుమ్మంల ఉన్నప్పుడు... ట్రిగ్గర్ ఎట్ల పట్టేస్తుందో సూద్దామని రెండు తూటాలు పెట్టిన. రెండూ తీసిననే అనుకున్న అయ్యా" అన్నాడు.

గురువుగారు గ్లాసు కింద పెట్టారు. చాయ్ సగం చొక్కా మీదే ఉంది. లేచి వచ్చి, పట్టకారుతో తూటాను మెల్లగా లాగి, డబ్బాలో వేసి మూత పెట్టారు. అప్పుడు ఆయన వదిలిన ఊపిరి దుకాణమంతా వినబడింది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆయన కూడా నవ్వడం మొదలుపెట్టారు, నూనె గుడ్డతోనే మొహం తుడుచుకుంటూ.

"ఇప్పుడు ఖాళీదే" అని తుపాకీ నా చేతికిచ్చారు. నేను వంచి, చూసి, తిరిగిచ్చాను. ఆయన వంచి చూశారు.

"ఇటియ్యుండ్రి, నేను గూడ జూస్త" అన్నాడు లచ్చన్న, రెండు చేతులూ చాపి.

అతను ఒక కన్ను మూసి గొట్టాల్లోకి చాలాసేపు చూస్తుంటే, గురువుగారు నావైపు తిరిగారు.

"పొద్దున నువ్వేందో అడిగినవ్ గదా బిడ్డా. ఏందది?"