మూసిన గదిలో నీళ్ళు

"మూలం తేలకుండా బాధకు విరుగుడు ఎలా చేస్తామండీ?" అని అడిగాడు వామనమూర్తి.

ఈ ప్రశ్న అతను చాలా రోజులుగా అడుగుతూనే ఉన్నాడు. కాకినాడలో ఒక కాలేజీలో తర్కం చెప్పే మనిషి. తలనొప్పి వస్తే మాత్ర వేసుకునే ముందు అది కళ్ళవల్ల వచ్చిందా, కడుపువల్ల వచ్చిందా, నిన్న ఎవరితోనో పడ్డ మాటవల్ల వచ్చిందా అని తేల్చుకోవాలి. ఈలోగా నొప్పి దానంతటదే తగ్గిపోతే అదీ అతనికి నచ్చేది కాదు. సెలవు దొరికినప్పుడల్లా సామర్లకోట వచ్చి పేరిశాస్త్రిగారి దగ్గర వేదాంతం చదువుకునేవాడు. శాస్త్రిగారికి అడిగిన ప్రశ్నకు అప్పటికప్పుడు జవాబు చెప్పే అలవాటు లేదు. విన్నానన్నట్టు తల ఊపి చేతిలో పని చూసుకుంటారు. ఆ మధ్యాహ్నం ఆయన అరుగుమీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు.

అప్పుడు వీధి చివరింటి కోడలు హైమవతి వచ్చింది. సన్నగా తుంపర పడుతోంది గానీ ఆమె చీర మాత్రం మోకాళ్ళదాకా తడిసి కాళ్ళకు చుట్టుకుపోయింది.

"గురువుగారూ, ఒక్కసారి మా ఇంటికి రావాలండి. మామయ్యగారు వచ్చారండి."

 ఆమె మామగారు విశ్వపతిగారు పోయి ఇంకా మాసికం కూడా కాలేదు. పాడె వెనక వామనమూర్తీ నాలుగడుగులు నడిచాడు.

శాస్త్రిగారు చిక్కుడుకాయల పళ్ళెం లోపల పెట్టి, చెప్పులు వేసుకుని బయలుదేరారు. హైమవతి దారిలో సంగతి చెప్పింది. విశ్వపతిగారు ధనిష్ఠాపంచకంలో పోయారు. ఆ నక్షత్రాల్లో పోతే ఇల్లు కొన్నాళ్ళు విడిచిపెట్టాలంటారు. వెళ్ళడానికి మరో ఇల్లు లేనివాళ్ళు ప్రాణం పోయిన గదికైనా తాళం వేసి, గడువు తీరేదాకా అటు తొంగిచూడరు. వీళ్ళూ అలాగే వేశారు. నిన్న పొద్దుటినుంచి ఆ తాళం వేసిన గదిలో ఎవరో నీళ్ళు తాగుతున్న చప్పుడు. భర్త గూడ్సు బండి మీద డ్యూటీలో ఉన్నాడు, ఫోను కలవడం లేదు.

"పైపేదైనా పగిలిందేమోనమ్మా," అన్నాడు వామనమూర్తి.

"పైపు గుటకలు వేస్తుందా అండీ?" అంది హైమవతి.

ముగ్గురూ ఇంట్లో అడుగు పెట్టారు. మబ్బువల్ల హాలంతా మసకగా ఉంది. మూసిన తలుపు కిందనుంచి నీళ్ళు వస్తున్నాయి. గడప దగ్గర పరిచిన పాత చీరలు నాని ఉబ్బిపోయాయి. తలుపు అవతల ఒక గుటక వినిపించింది. ఊపిరి తీసుకున్నంతసేపు నిశ్శబ్దం. మళ్ళీ గుటక. తాగేవాళ్ళకు తొందరేమీ లేదు. వామనమూర్తికి ఏ శ్లోకం చదవాలో గుర్తొచ్చింది గానీ మొదటి పాదం నోటికి రాలేదు. పొడిగా మిగిలిన ఒక బండమీద రెండు కాళ్ళూ ఇరికించుకుని నిలబడిపోయాడు.

ఆ గది గోడకు ఇవతల వైపు, నవారు మంచంమీద, హైమవతి అత్తగారు మహలక్ష్మమ్మ కూర్చుని ఉంది. చెవి గోడకు ఆనించి పెట్టుకుంది. అది పాతకాలపు సున్నపు గోడ. తడి కిందనుంచి పాకి ఆవిడ తలదాకా ఎక్కింది. ఆ పైన జానెడు ఎత్తులో స్విచ్చిబోర్డు ఉంది. ఆవిడ మొహం మాత్రం పెళ్ళిలో మేళం వింటున్నట్టు వెలిగిపోతోంది.

"మాట్లాడకండి బాబూ," అందావిడ. "తాగుతున్నారు."

శాస్త్రిగారు ఆ గుటకలను ఒక్క నిమిషం విన్నారు. తరవాత పొడి పీట ఒకటి అడిగి పుచ్చుకున్నారు. వరండాలో మెయిన్ స్విచ్ కింద పీట వేసుకుని, దానిమీద నిలబడి, బట్టలారేసే కర్రతో స్విచ్ కిందికి లాగేశారు. ఇంట్లో ఫ్యాను ఆగింది. ఫ్రిజ్ గురగుర ఆగింది. దాంతో ఆ గుటకల చప్పుడు ఇంకా పెద్దదైనట్టు తోచింది.

"వామనమూర్తీ, మన ప్లంబరుకు ఫోను చెయ్యి," అన్నారు ఆయన.

ప్లంబరు సత్తిబాబు పెద్దాపురంలో పనిలో ఉన్నాడు. సాయంత్రానికి గానీ రాలేనన్నాడు.

"సరే. ఈలోగా మనం చెయ్యాల్సింది చేద్దాం. నిన్నటినుంచి పోతుంటే ట్యాంకు ఎప్పుడో ఖాళీ అయి ఉండాలి కదమ్మా?"

హైమవతి తల దించుకుంది. "అయిపోయినప్పుడల్లా మోటారు వేస్తున్నానండి."

"ఎందుకూ?"

"ఆయనకి తక్కువవుతాయేమోనని."

 మిగతాది ముక్కలు ముక్కలుగా చెప్పింది. మామగారికి మూత్రపిండాలు పాడయ్యాయి. నీళ్ళు కొలిచి ఇవ్వాలన్నాడు డాక్టరు. కొలిచి ఇచ్చే పని ఆమెమీదే పడింది. ఆయన ఒక్క గుక్క, ఒక్క గుక్క అని చంటిపిల్లాడిలా ఏడ్చేవాడు. ఆఖరి రోజు కూడా అడిగాడు. ఇంకో గంట ఆగండి మామయ్యగారూ అని ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ గంట గడవలేదు.

"వాల్వు కట్టెయ్యాలని నాకూ తెలుసండి. పెరట్లో మెట్ల కిందే ఉంది. మళ్ళీ ఈ చేత్తోనే ఆయనకి నీళ్ళు ఆపమంటారా?"

 "నేను కడతానమ్మా," అని వామనమూర్తి బండమీంచి కదిలాడు.

"నువ్వు కాదు," అన్నారు శాస్త్రిగారు. హైమవతి వైపు తిరిగి, "ఆ రోజు ఎందుకు ఆపావమ్మా?" అని అడిగారు.

"ఆయన బతకాలని."

 శాస్త్రిగారు మంచం దగ్గరికి వెళ్ళి, ఇవతలికి వచ్చి కూర్చోమని మహలక్ష్మమ్మ చెయ్యి పట్టుకున్నారు. ఆవిడ విదిలించుకుంది. ఆయన తాగడం అయ్యేదాకా కదలనంది. ఆవిడ తలమీద గోడ కడుపుతో ఉన్నట్టు ఉబ్బి ఉంది, ఇసుక పొడిపొడిగా జుట్టులోకి రాలుతోంది. హైమవతి అదంతా అప్పుడే చూసినట్టు చూసింది. నిన్నటినుంచి ఆమె చూపంతా తలుపుమీదే ఉంది మరి. కొంగు నడుముకు దోపుకుని పెరటివైపు నడిచింది.

శాస్త్రిగారు ఆమె వెంట వెళుతూ, మహలక్ష్మమ్మ దగ్గర ఉండమని వామనమూర్తికి సైగ చేశారు. అతను జన్మలో అంత ఇష్టం లేకుండా ఏ ఆజ్ఞా పాటించలేదు. హాల్లో అతనూ, ముసలావిడా, ఆ చప్పుడూ మిగిలారు. పెరట్లోంచి మాటలు వినిపిస్తున్నాయి.

"తుప్పు పట్టేసిందండి, తిరగట్లేదు."

"బలవంతం చెయ్యకమ్మా, విరుగుతుంది. కొబ్బరినూనె చుక్కలు వెయ్యి. గుడ్డ చుట్టి పట్టుకో. కొంచెం వెనక్కి తిప్పు. ఇప్పుడు ముందుకి."

గుటకకూ గుటకకూ మధ్య విరామం పెరుగుతూ వచ్చింది. మహలక్ష్మమ్మ కనుబొమలు ముడిపడ్డాయి. చివరకు గోడ లోపల ఎక్కడో సన్నని మూలుగు బయలుదేరి, అతని వీపు వెనకగా వెళ్ళి, పైకి, కప్పుదాకా పోయి ఆగింది. తరవాత ఏమీ లేదు. అంతసేపూ చప్పుడుకు భయపడ్డ వామనమూర్తి అప్పుడు ఆ నిశ్శబ్దానికి ఇంకా ఎక్కువ భయపడ్డాడు.

ముసలావిడ చెవి గోడమీంచి తీసి, కొంగుతో తుడుచుకుంది. కాసేపు ఎవరి మాటో వింటున్నట్టు తల వంచి ఉంది. హైమవతి నూనె చేతులతో గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"చాలన్నారే, హైమా," అంది అత్తగారు.

హైమవతి గుమ్మంలోనే కూలబడి, అంత్యక్రియల నాడు కూడా ఏడవనంతగా ఏడ్చింది. శాస్త్రిగారు ఆమెను ఓదార్చలేదు. పైపులో మిగిలిన నీళ్ళు దిగిపోవాలని పెరటి కుళాయి తిప్పి వదిలేసి, కింద బకెట్టు పెట్టి, గడప దగ్గర పొడి గోనెలు పరిచారు. వామనమూర్తి మహలక్ష్మమ్మను నడిపించుకుంటూ వరండాలోకి తీసుకొచ్చాడు. ఆవిడను కుర్చీలో కూర్చోబెట్టాడో లేదో, లోపల గోడ పెచ్చు ఒకటి ఊడి, ఇటుకలతో సహా మంచంమీద దిండు ఉన్నచోట పడింది.

సత్తిబాబు వచ్చేసరికి వాన వెలిసింది. గది తాళం హైమవతే తీసింది. నక్షత్రం మాట ఎవరూ ఎత్తలేదు గానీ సత్తిబాబు తప్ప ఎవరూ గడప దాటలేదు. అతను లోపల కాసేపు వెతికి, ఒక ఇనప బిరడా చేత్తో పట్టుకుని బయటికొచ్చాడు.

"వాష్‌బేసిన్ దగ్గర కుళాయి తీసేసి ఈ ప్లగ్గు ఎవరు బిగించారండీ?"

"మావారు పెట్టించారు," అంది హైమవతి. "మామయ్యగారు ఎవరూ చూడకుండా లేచి అక్కడ తాగేసేవారు."

"ఇది ఊడొచ్చిందండి, అంతే. ఊడితే బేసిన్లో పడాలి, లేపోతే కింద పడాలి. ఇదేమో మంచం పక్కన బల్లమీద ఉందండి. నిలబెట్టినట్టు." అతను నవ్వబోయి, ఎవరూ నవ్వకపోవడం చూసి ఆగిపోయాడు.

నీళ్ళ ఒత్తిడికి ఎగిరి, గోడకు తగిలి, అక్కణ్ణించి బల్లమీద పడి ఉండవచ్చునని వామనమూర్తి లోలోపల మొదలుపెట్టాడు. బేసిన్‌కూ బల్లకూ మధ్య మంచం ఉంది. అతను ఆలోచన మధ్యలోనే వదిలేశాడు.

"మళ్ళీ ఇదే బిగించెయ్యమంటారా అమ్మగారూ?"

హైమవతి గదిలోకి చూసింది. పొద్దు వాలిన ఆ వెలుగులో ఖాళీ మంచం కనిపిస్తోంది. ఆమె గడప దాటి లోపలికి వెళ్ళి, ఆ మంచం పక్కన నిలబడి చెప్పింది.

"వద్దు సత్తిబాబూ. కుళాయే పెట్టు. ముసలి చేత్తో తిప్పినా తేలిగ్గా తిరిగేది."

తిరిగి వస్తున్నప్పుడు వీధిలో నీళ్ళు నిలిచిన గుంతలు తప్పించుకుంటూ వామనమూర్తి సగం దారి నడిచాడు. చివరకు ఉండబట్టలేక అడిగాడు.

"గురువుగారూ, ఇంతకీ ఆ గదిలో ఉన్నది ఎవరండీ?"

"నాకు తెలీదు నాయనా," అన్నారు శాస్త్రిగారు. "వాల్వు ఎక్కడుందో హైమవతికి తెలుసు, అది చాలింది."