మిగిలిన టికెట్టు

అమ్మలారా, అయ్యలారా, సూటిగా అడుగుతున్నాను: పిల్లలు ఆడుకుంటూ కనిపిస్తే మీకెందుకంత ఒళ్లు మంట? జవాబు వెతుక్కుంటూ ఉండండి. ఈలోగా అడవి అంచున ఒక దొడ్డిలో జరిగింది చెబుతాను.

ఆ దొడ్డి వెనక చక్రాలు ఊడిన ఎడ్లబండి ఒకటి పడి ఉండేది. పెద్దలకు అది వట్టి కట్టెలు. పిల్లలకు బస్సు. మల్లుడనే దూడ డ్రైవరు. చామంతి అనే మేకపిల్ల కండక్టరు. మిగతా పద్దెనిమిది మంది, గొర్రెపిల్లలూ మేకపిల్లలూ, ప్రయాణికులు.

"జరగండి, జరగండి! వరసకు ఇద్దరు, తొమ్మిది వరసలు. ఒక్కరు నిలబడినా బస్సు కదలదు!" అని అరిచేది చామంతి. బాదం ఆకుల మీద డెక్కతో గీకి టికెట్లు ఇచ్చేది. ఎవరి టికెట్టు మీద వాళ్ల పేరులోని మొదటి అక్షరం ఉండాలి. లేకపోతే పెద్ద గొడవే.

"ఇదేం అక్షరమే? నా పేరు దూది. నువ్వు 'డూ' గీకావు. నేను ఎక్కను ఫో!" అని ఒకరోజు దూది అనే గొర్రెపిల్ల మొండికేసింది. చామంతి మూడు ఆకులు పాడుచేసి 'దూ' నేర్చుకుంది. బెత్తం పట్టుకుని పక్కన ఎవరూ నిలబడలేదు.

ఇదంతా నక్క కంటబడింది. మెడలో కండువా వేసుకుని పంతులులా దిగింది.

"నల్లమ్మ వదినా, ఏమిటీ గంతులు? పక్క దొడ్డి పిల్లలు వంద దాకా గడగడా అప్పజెబుతున్నారు. మీవాళ్లేమో పీం పీం అంటున్నారు. పెద్దయ్యాక ఏం చేస్తారు, హారన్ కొట్టుకు బతుకుతారా?"

దూది తల్లి నల్లమ్మకు తల కొట్టేసినట్టయింది. "నిజమే పంతులు గారూ. మీరే దారిలో పెట్టండి."

ముసలి ఎద్దు మైలయ్య నెమరు ఆపి, "ఆడుకోనివ్వండమ్మా. వాళ్ల లెక్కలు వాళ్లే నేర్చుకుంటున్నారు కదా," అన్నాడు.

"నువ్వు ఎంతవరకు చదివావు తాతా?" అంది నక్క.

మైలయ్య నోరు మూతపడింది. చదువు పేరు చెప్పి ఒక పెద్దాయన నోరు మూయించడం ఎంత తేలికో చూశారా!

బండి మీద ముళ్లకంప పడింది. బడి మొదలైంది. పిల్లలు గోడవైపు తిరిగి, కళ్లు మూసుకుని, ఒకటి నుంచి ఇరవై దాకా అరవాలి. కళ్లు తెరిస్తే దెబ్బ. "మీరు కొండ మీద నిశ్చింతగా మేయండమ్మా. ఇరవై అని వినబడిందంటే ఇరవై మందీ ఉన్నట్టే," అని నక్క తల్లులకు హామీ ఇచ్చింది. వాళ్లు నమ్మారు. నమ్మి, తల దించుకుని మేశారు!

నాలుగో రోజు మధ్యాహ్నం అరుపులు సాగుతుండగానే నక్క దూది నోటికి తీగ చుట్టి, గుట్ట వెనక పొదలోకి ఈడ్చుకుపోయింది. "...పందొమ్మిదీ, ఇరవై!" అన్నారు పిల్లలు. కొండ మీద నల్లమ్మ తృప్తిగా ఇంకో గడ్డిపరక కొరికింది.

బెత్తం చప్పుడు ఆగేసరికి చామంతి ఒక కన్ను తెరిచింది.

"ఒరేయ్ మల్లుడూ, పంతులు లేడు. బస్సు తీద్దామా?"

కంప పక్కకు లాగారు. ఎగబడి ఎక్కారు. చామంతి దాచుకున్న ఆకులు తీసి పంచింది. వెనక వరసలో ఒక సీటు ఖాళీ. ఒక ఆకు మిగిలింది.

"రైట్ చెప్పవే!" అన్నాడు మల్లుడు.

"ఆగరా. ఒకళ్లు ఎక్కలేదు."

"ఇందాకే కదా ఇరవై అన్నాం?"

"అన్నాం. ఎవర్నైనా చూసి అన్నామా? ఈ ఆకు మీద 'దూ' ఉంది. దూదీ! ఒసేయ్ దూదీ!"

పలుకు లేదు.

"మైలయ్య తాతా, దూది లేదు!" అని పందొమ్మిది గొంతులు ఒక్కసారి లేచాయి.

మైలయ్య ఈడ్చిన జాడ పట్టుకుని, కొమ్ములు వంచి గుట్ట వెనక పొదలోకి దూకాడు. దూది వణుకుతూ దొరికింది, ఒక చెవి కొస తెగి. కేకలు విని తల్లులు కొండ దిగి పరుగున వచ్చి నక్కను చుట్టుముట్టారు.

నక్క కండువా సర్దుకుంది. "ఏమిటీ అన్యాయం? ఇరవై మందీ ఉన్నారని మీ చెవులతో మీరే విన్నారు కదా!"

చామంతి ముందుకొచ్చింది. "మేం ముగ్గురమే మిగిలినా ఇరవై దాకా అరుస్తాం పంతులు గారూ. మీరు నేర్పింది అదేగా?"

నక్క మెల్లగా జారుకోబోయింది. మైలయ్య కుమ్మిన కుమ్ముకు ఎగిరి అడవిలో పడింది. మళ్లీ ఆ చుట్టుపక్కల కనబడలేదు.

నల్లమ్మ కూతురి చెవి నాకుతూ వెక్కివెక్కి ఏడ్చింది. "అప్పజెప్పడం నేర్పుతాడనుకున్నాను తల్లీ. నిన్నే వాడికి అప్పజెప్పానని తెలుసుకోలేకపోయాను."

ఆటలో పట్టుబడిన లెక్క ప్రాణం కాపాడుతుంది. కళ్లు మూసుకుని అరిచిన లెక్క దొంగకు కాపలా కాస్తుంది.

ఇక లేవండి. మీ పిల్లల బడిలో ఆటల పీరియడ్ ఉందో లేదో ఈరోజే కనుక్కోండి. పీకేసి ఉంటే రేపు పొద్దున్నే పదిమంది కలిసి వెళ్లండి, తిరిగి పెట్టేదాకా హెడ్మాస్టరు గది గుమ్మం దిగకండి.